నాలుగో మంచం నుంచి ఐదో మంచం దాకా

దయ్యాల మాటెత్తితే నేను నవ్వేదాన్ని. ఇప్పటికీ నవ్వుతాను, కాకపోతే మునుపటంత గట్టిగా కాదు. పద్నాలుగేళ్ళుగా ఐసియులో నర్సుగా పనిచేస్తున్నాను. ఒకరు పోయిన మంచాన్ని తుడిచి, దుప్పటి మార్చి, గంట తిరక్కముందే ఇంకొకరిని పడుకోబెట్టే జాగా అది. పోయినవాళ్ళంతా తిరిగి రావడమే నిజమైతే మా వార్డులో వాళ్ళకు టోకెన్లు ఇచ్చి వరుసలో నిలబెట్టాల్సి వచ్చేది. కొత్తగా చేరిన పిల్లలు ఫలానా మంచం దగ్గర ఒళ్ళు జల్లుమంటోందక్కా అంటే, ఏసీ గాలి సరిగ్గా దాని మీదికే వస్తుందని చూపించి పని చూసుకొమ్మనేదాన్ని.

కాబట్టి ఇది దయ్యం కథ అని నేను అనను. ఏమిటో కూడా నాకు తెలియదు. చూసింది చూసినట్టు, చేసింది చేసినట్టు రాస్తాను. ఆ రెండోది రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది.

మాది కోస్గి దగ్గర ఊరు. నేత పని ఇల్లు. నాయిన నలభై ఏళ్ళు గుంట మగ్గం మీద చీరలు నేశాడు. తమ్ముడు జడ్చర్లలో మందుల కంపెనీలో చేరాడు. నేను నర్సింగ్ చదివి పాలమూరు టౌన్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో కుదురుకున్నాను. దవాఖాన పేరు రాయను. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు.

నా చిన్నప్పటి పని ఒకటి ముందు చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. మగ్గం చప్పుడు మధ్యలో ఆగిందంటే పోగు తెగిందని గుర్తు. ఆగిన మరుక్షణం నేను ఉరకాలి. నాయిన కుడి బొటనవేలు ఎప్పుడో బస్సు తలుపులో పడి నలిగింది, వంగదు. ఎడమ చేత్తో అతికేవాడు గానీ, తెగిన కొసను వెతికి పట్టుకోవడానికి నా సన్నని వేళ్ళు కావాలి. అంట్లు తోముతూ ఉన్నా, చేతికి బూడిద ఉన్నా సరే, పావడకు తుడుచుకుంటూ ఉరికేదాన్ని. కడుక్కొని వస్తానంటే నాయిన ఒప్పుకునేవాడు కాదు. ఆలస్యం చేస్తే ఆ తెగిన పోగు పక్కవాటిలో చిక్కుకొని ఇంకో నాలుగింటిని తెంపుతుంది. బూడిద చెయ్యి అయితే ఇంకా మంచిదే, అతుకు జారదు.

మేము ముడి వెయ్యం. ముడి వేస్తే మగ్గంలో ఇరుక్కుంటుంది. రెండు కొసలు పక్కపక్కన పెట్టి వేళ్ళ మధ్య నలిపి మెలేస్తాం. ఎవరి అతుకో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. అమ్మా నేనూ కుడి చేత్తో మెలేస్తాం, నాయిన ఎడమ చేత్తో. మా అతుకును ఒక వైపు తిప్పితే విడుతుంది, నాయినదాన్ని విప్పాలంటే దానికి ఎదురు తిప్పాలి. మా ఊళ్ళో అట్లా ఎడమ చేత్తో అతికే మనిషి నాకు తెలిసి ఇంకొకరు లేరు.

కరోనా తగ్గిన రెండేళ్ళకు, వానలు వెనకపట్టే రోజుల్లో, నాయిన మగ్గం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. కాళ్ళతో తొక్కే చెక్కలు కిందికి దిగడం లేదని అమ్మతో అన్నాడట. అమ్మ చెక్కలకు ఏమైందోనని గుంటలోకి దిగి చూసింది. చెక్కలకు ఏమీ కాలేదు, కాళ్ళే ఆడటం లేదు. మరునాటికి చేతులు కూడా పడిపోయాయి.

అది నరాల జబ్బు. కాళ్ళ దగ్గర మొదలై పైకి పాకుతుంది. ఊపిరి తీసే కండరాలను కూడా పట్టుకుంటే మిషన్ మీద పెట్టాలి. పెట్టాక ఓపిక పడితే చాలామంది మెల్లగా లేచి తిరుగుతారు. ఆ మాట నేను అమ్మకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. వచ్చినదాన్ని దిగిపోనివ్వాలి, ఈలోపు ఊపిరితిత్తులను కాపాడుకోవాలి, మేము చెయ్యాల్సింది అంతే.

తమ్ముడు హైదరాబాద్ తీసుకుపోదామన్నాడు. నేనే వద్దన్నాను. అక్కడ మనల్ని లోపలికి కూడా రానివ్వరు, ఇక్కడైతే కళ్ళ ముందు ఉంటాడు, నేనుండగా మీకు ఫికర్ ఎందుకు అన్నాను. ఆ మాటలో ప్రేమ ఉంది, గొప్ప కూడా ఉంది. మా ఐసియులో చేతుల శుభ్రం చూసే బాధ్యత నాది. ఎవరు రోగిని ముట్టుకునే ముందు చేతులు రుద్దుకున్నారో, ఎవరు గ్లౌజులు మార్చకుండా ఇంకో మంచానికి పోయారో రాసుకునేదాన్ని. పెద్ద డాక్టర్లను కూడా వదల్లేదు. వెనకాల నన్ను శానిటైజర్ అక్క అనేవాళ్ళు. ఆ పేరు నాకు లోలోపల ఇష్టంగానే ఉండేది.

నాయినను ఐదో మంచం మీద పెట్టారు. సొంతవాళ్ళ పని సొంతవాళ్ళు చెయ్యకూడదని మా దగ్గర పద్ధతి. అందుకని ఐదో మంచం సుజాతకు ఇచ్చి నాకు నాలుగో మంచం ఇచ్చారు. సుజాతది కల్వకుర్తి, నాకంటే ఆరేళ్ళు చిన్న, పనిలో నిదానం, మాటలో నిదానం. నాలుగో మంచం మీద ఒక రైతు. ట్రాక్టర్ బోల్తా పడి నెలకు పైగా వేరే ఊళ్ళ దవాఖానల్లో తిరిగి మా దగ్గరికి వచ్చాడు. ఆయన ఊపిరితిత్తుల్లో ఒక మొండి క్రిమి ఉంది. ఐసియుల్లోనే పుట్టి, ఐసియుల్లోనే పెరిగి, మేము వాడే మందులన్నీ తిని బలిసిన రకం. ఒక్క మందుకే లొంగుతుంది, ఆ మందేమో కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఆ మంచం కాళ్ళ దగ్గర ఎర్ర అట్ట వేలాడదీసి, లోపలికి పోయేటప్పుడు గౌను, గ్లౌజులు వేసుకోవాలి, బయటికి వచ్చేటప్పుడు అక్కడే తీసెయ్యాలి అని రాసి పెట్టాం. ఆ అట్ట మీది అక్షరాలు నావే.

నాయినకు తెలివి పూర్తిగా ఉంది. గొంతులో గొట్టం, కాళ్ళూ చేతులూ కదలవు, కళ్ళు మాత్రం తిరుగుతాయి. ఒకసారి రెప్ప వేస్తే అవును, రెండుసార్లు వేస్తే కాదు అని నేర్పాను. అమ్మ పొద్దున పదకొండుకు, సాయంత్రం ఐదుకు వచ్చి పది నిమిషాలు ఊరి ముచ్చట్లు చెప్పి పోయేది. ఎనిమిదో రోజున మెడ కొద్దిగా పక్కకు తిప్పాడు. డాక్టర్ సారు చూసి, మంచి గుర్తమ్మా, జబ్బు వెనక్కి తిరిగింది అన్నారు. ఆ రోజు నేను స్టాఫ్ గదిలో కూర్చొని ఏడ్చాను, సంతోషంతోనే.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండు దాటింది. నేను నాలుగో మంచం రైతుకు గొంతులోంచి తెమడ తీస్తున్నాను. నాలుగుకీ ఐదుకీ మధ్య ఎక్స్‌రే మిషన్ తెచ్చి నిలబెట్టారు. ఇంతలో ఐదో మంచం మిషన్ కూత పెట్టింది. నాయిన గొంతు గొట్టానికీ మిషన్ గొట్టానికీ మధ్య అతుకు ఊడిపోయింది. సుజాత రెండడుగుల దూరంలో ఉంది. చేతులకు మందు రుద్దుకుంటూ మంచం వైపు తిరుగుతోంది కూడా.

నేను ఉరికాను. ఆలోచించి ఉరకలేదు. ఆ కూత విన్న మరుక్షణం చేతిలోది వదిలేసి, ఎక్స్‌రే మిషన్ అడ్డం ఉందని నాలుగో మంచం కాళ్ళ వైపు నుంచి చుట్టు తిరిగి, ఐదో మంచం కాళ్ళ వైపు నుంచి లోపలికి పోయి, ఊడిన గొట్టాన్ని పట్టి బిగించాను. అయ్యాక చూసుకున్నాను. చేతులకు అవే గ్లౌజులు. తడి ఆరలేదు.

మగ్గం ఆగితే ఉరికే పిల్లే ఉరికింది, పద్నాలుగేళ్ళ నర్సు కాదు. ఇది సాకుగా చెప్పడం లేదు. సాకు అయితే నాకే నచ్చేది కాదు. ఊపిరి ఆగింది ఎనిమిది పది సెకన్లు, సుజాత చెయ్యి వేసి ఉంటే ఇంకో రెండు సెకన్లు పట్టేది. ఏమీ అయ్యేది కాదు.

"నేను ఇక్కడ్నే ఉంటిగదక్కా, నువ్వెందుకు ఉరికినవ్?" అంది సుజాత. నా చేతుల వైపు చూసిందో లేదో నాకు తెలియదు. నేను గ్లౌజులు తీసి, వార్డు చెత్త వేసే పసుపురంగు డబ్బాలో వేసి, చేతులు కడుక్కొని వచ్చాను. నాయిన నన్నే చూస్తున్నాడు. ఆ కళ్ళలో మెచ్చుకోలు ఉంది. అది చూసి నాకు చెప్పాలనిపించలేదు, ఎవరికీ.

చెప్పాల్సింది. అదే పని ఇంకొకరు చేసి ఉంటే నా పుస్తకంలో ఎక్కించి, డాక్టర్‌కు చెప్పి, కొత్త గొట్టం వేయించి, ఆ రోజే పరీక్షకు పంపించేదాన్ని. నాది కాబట్టి మూసిపెట్టాను. ఒక్కసారికి ఏమీ కాదులే అనుకున్నాను. పద్నాలుగేళ్ళుగా అందరి నోటా విని, అందరినీ తిట్టిన మాట అది.

మరునాడు పొద్దున ఎనిమిదింటికి డ్యూటీకి వచ్చాను. నాలుగో మంచం పక్కన తెమడ తీసే సీసా వేలాడే కొక్కెం ఉంటుంది. దానికి ఒక సన్నని తెల్ల దారం ఉంది. బ్యాండేజీ గుడ్డ నుంచి లాగిన పోగు. అది కొక్కెం నుంచి బయలుదేరి నాలుగో మంచం కాళ్ళ వైపు కడ్డీని చుట్టి, అక్కడి నుంచి ఐదో మంచం కాళ్ళ కడ్డీకి వచ్చి, మంచం పక్కగా పైకి పోయి, నాయిన గొట్టం అతుకు దగ్గర ఆగింది. బిగుతుగా, నడుము ఎత్తున ఉంది.

రాత్రి సిస్టర్ ఆరింటికి మంచాలన్నీ తిరిగి తుడిపించానని, ఏ దారమూ లేదని అంది. ఎవరో పని లేక చేశారనుకొని తెంపబోయాను. తెంపే ముందు వేలికి ఒక అతుకు తగిలింది.

ముడి కాదు. అక్కడొకటి, ఇక్కడొకటి, పోగు చాలని చోటల్లా మెలేసి అతికారు. మా ఐసియులో అట్లా అతకడం వచ్చింది నాకు ఒక్కదానికే. ఒకదాన్ని నేను విప్పే వైపు తిప్పి చూశాను. ఇంకా బిగిసింది. ఎదురు తిప్పితే విడింది.

నేను అక్కడే నిలబడిపోయాను. అప్పుడు ఇంకొకటి కూడా చూశాను. నాలుగు నుంచి ఐదుకు తిన్నగా రావాలంటే మూడడుగులు. ఎక్స్‌రే మిషన్ నిన్ననే వెళ్ళిపోయింది, మధ్యలో అడ్డం ఏమీ లేదు. దారం మాత్రం కాళ్ళ వైపు నుంచి చుట్టు తిరిగి వచ్చింది. అది నేను ఉరికిన దారి.

ఫోన్ తీసి ఫోటో తీశాను. మంచం వెనక పరదా పచ్చగా వచ్చింది, దారం రాలేదు. చుట్టి పసుపు డబ్బాలో వేశాను. ఎవరికీ చెప్పలేదు. దారం సంగతి చెప్పాలంటే దారి సంగతి చెప్పాలి.

ఆ రోజంతా మనసుకు రకరకాలుగా సర్ది చెప్పుకున్నాను. సుజాత చూసి ఉంటుంది, నాకు బుద్ధి చెప్పడానికి చేసి ఉంటుంది అనుకున్నాను. టీ తాగేటప్పుడు మాట కలిపి, రెండు దారాలు ఇచ్చి, వీటిని అతుకు చూద్దాం అన్నాను. చక్కగా రెండు ముళ్ళు వేసి చేతికిచ్చింది. ఇదేం పరీక్షక్కా అని నవ్వింది. సాయంత్రం గదికి పోయి నేనే ఎడమ చేత్తో మెలేసి చూశాను, ఒకవేళ ఒళ్ళు తెలియకుండా నేనే చేశానేమోనని. ఒక్క అతుకూ నిలవలేదు. లాగితే జారిపోయింది. పైగా ఆ పొద్దున నేను ఎనిమిదికి ముందు దవాఖానలో అడుగే పెట్టలేదు.

మరునాడు మళ్ళీ అదే దారం. అదే కొక్కెం, అదే చుట్టు, నాయిన గొట్టం దగ్గర అదే చివర. ఈసారి సెక్యూరిటీ అతనితో ఏదో అబద్ధం చెప్పి కెమెరా చూశాను. ఆరు నుంచి ఎనిమిది వరకు ఆ రెండు మంచాల కాళ్ళ వైపు రాత్రి సిస్టర్ రెండుసార్లు నడిచింది, చేతులు జేబుల్లో ఉన్నాయి. తుడిచే ఆమె ఒకసారి వచ్చి పోయింది. వంగి కట్టిన మనిషి లేదు. దారం కెమెరాకు ఆనలేదు, అంత సన్నగా ఉంది.

తిరిగొచ్చి నాయిన పక్కన నిలబడ్డాను. వార్డు పనిలో ఉంది, మా వైపు ఎవరూ చూడటం లేదు. వంగి మెల్లగా అడిగాను.

"నాయినా, గా దారం నువ్వు చూసినవా?"

ఒకసారి రెప్ప వేశాడు.

"ఎవరన్న కట్టంగ చూసినవా?"

రెండుసార్లు వేశాడు.

"నువ్వేనా?"

కళ్ళు మూసుకున్నాడు. ఒకటా రెండా అని చూస్తూ నిలబడ్డాను. తెరవలేదు. నిద్రపోయాడనుకుందామంటే రెప్పల కింద కళ్ళు కదులుతున్నాయి. ఆయన చేతులు దుప్పటి మీద రెండు పక్కలా సుజాత సర్ది పెట్టినట్టే ఉన్నాయి. ఎడమ చెయ్యి ఎత్తి చూశాను. వదిలితే రాయిలాగా పడింది.

ఇంకో ప్రశ్న నోటి దాకా వచ్చింది. డాక్టర్‌కు చెప్పమంటావా అని. అడగలేదు. ఆయన చెప్పమంటాడని నాకు తెలుసు. నేత నేసేటప్పుడు తప్పు పడితే, మూరెడు బట్ట అయినా విప్పించి మళ్ళీ నేయించిన మనిషి.

దారాన్ని చుట్టి పసుపు డబ్బాలో వేశాను.

ఆ సాయంత్రం జ్వరం మొదలైంది.

మూడో పొద్దున దారం లేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. జ్వరం మాత్రం దిగలేదు, తెమడ రంగు మారింది. డాక్టర్ సారు మామూలుగా అందరికీ ఇచ్చే మందే మొదలుపెట్టి, తెమడను పరీక్షకు పంపారు. రిపోర్టు రావడానికి రెండు రోజులు పడుతుందని అందరికీ తెలుసు. ఏం వస్తుందో నాకు ఒక్కదానికే తెలుసు. తెలిసి కూడా ఆ రెండు రోజులు మిగతావాళ్ళతో పాటు ఎదురుచూసినట్టు నటించాను.  ప్రతి గంటకూ అది చెప్పడం ఇంకా కష్టమైపోయింది. నిన్ననే ఎందుకు చెప్పలేదని అడుగుతారు కదా, ఆ ఒక్క భయం.

రిపోర్టు వచ్చింది. నాలుగో మంచం రిపోర్టు ఫైలు నుంచి తీసి పక్కన పెట్టి చూశాను. అదే క్రిమి. ఏ మందుకు లొంగదో, ఏ మందుకు లొంగుతుందో, వరుసలో అన్నీ అవే. ఐదో మంచానికి కూడా ఎర్ర అట్ట వేలాడదీయాల్సి వచ్చింది. నేనే రాశాను.

ఆ చివరి మందు మొదలుపెట్టారు. నాలుగు రోజులకు కిడ్నీలు మొరాయించాయి. ఆ తర్వాత బీపీ నిలవలేదు. ఇరవయ్యో రోజు పొద్దున పదిన్నరకు నాయిన పోయాడు. అమ్మ ఇంకో అరగంటలో వస్తుందనగా పోయాడు. మెడ అప్పటికి రెండు వైపులా తిప్పగలిగేవాడు.

నాలుగో మంచం రైతు కోలుకొని, కర్ర పట్టుకొని నడుస్తూ ఇంటికి పోయాడు. పోయేటప్పుడు నాకు దండం పెట్టాడు. ఆయన మీద నాకేమీ కోపం లేదు, కానీ ఆ దండం తీసుకోలేకపోయాను, తల తిప్పుకున్నాను.

దినాలు అయ్యాక డ్యూటీలో చేరాను. నెల మీటింగులో, ఎవరి సంగతో అన్నట్టుగా, ఇట్లాంటి క్రిమి అంటి ఉంటుందని రెండు మూడు రోజులు ముందే తెలిస్తే ఏమైనా తేడా ఉంటుందా సార్ అని అడిగాను. డాక్టర్ సారు ఫైలులోంచి తల ఎత్తకుండానే, ఉండొచ్చు, ఉండకపోవచ్చు, కానీ రెండు రోజులంటే ఐసియులో చిన్న సంగతి కాదమ్మా అన్నారు. తర్వాత ఒకరోజు ధైర్యం చేసి ఆయన గదికి పోయి జరిగింది చెప్పాను, దారం తప్ప. ఆయన ఫైలు మూసి పక్కన పెట్టారు. తొమ్మిది రోజులు మిషన్ మీద ఉన్న మనిషికి ఎక్కడి నుంచైనా రావొచ్చు, నీ చేతి నుంచే వచ్చిందని ఎట్లా చెప్తాం అన్నారు. చేతుల శుభ్రం బాధ్యత నా దగ్గరి నుంచి తీసెయ్యండి అన్నాను. ఇకమీదట నీకంటే జాగ్రత్తగా ఎవరు చూస్తారు అని ఆ పని నాకే ఉంచారు. ఇప్పటికీ నేనే చూస్తున్నాను. ఎవరినైనా మందలించబోయే ముందు నా చేతులు చూసుకుంటాను.

అందరికంటే అమ్మతోనే నాకు కష్టమైంది. ఇంటికి ఎవరు వచ్చినా అమ్మ ఒకే మాట చెప్పేది. బిడ్డ దగ్గర ఉంది కాబట్టే అన్ని రోజులైనా బతికాడు, బిడ్డ కంటికి రెప్పలాగా చూసుకుంది అని. పెళ్ళిళ్ళలో, బస్సులో, కోస్గి అంగట్లో, ఎక్కడ మనిషి దొరికితే అక్కడ. నేను పక్కనే ఉండి వినేదాన్ని. ఏడాది పాటు విన్నాను. ఏడాది మాసికం నాడు వచ్చిన చుట్టాల ముందు మళ్ళీ అదే మాట అంది. వాళ్ళు పోయాక ఇక నా వల్ల కాలేదు.

తమ్ముడు చుట్టాలను బస్సెక్కించడానికి పోయాడు. అమ్మ వాకిట్లో గిన్నెలు సర్దుతోంది. పక్కన కూర్చొని అంతా చెప్పాను. నాలుగో మంచం, గ్లౌజులు, ఉరకడం, రెండు పొద్దులు దారం, ఎడమ చేతి అతుకులు, కళ్ళు మూసుకోవడం, రెండు రిపోర్టులు, చెప్పకుండా దాచిన రోజులు. ఏదీ వదల్లేదు. అమ్మ తిడుతుందని, కొడుతుందని, లేచిపోతుందని అన్నిటికీ సిద్ధపడే మొదలుపెట్టాను.

అమ్మ గిన్నె పక్కన పెట్టి విన్నది. దారం దగ్గరికి వచ్చేసరికి మధ్యలో ఆపి, అతుకు ఎటు తిప్పితే విడింది అని అడిగింది. చూపించాను. తల ఊపింది.

"మీ నాయినదే. ఇంకెవరిది? చేతులు పడిపోతే మాత్రం నేసిన మనిషి ఊకుంటడా," అంది. ఎవరు చూశారు, ఎట్లా కట్టాడు అని ఒక్క మాట అడగలేదు. పొద్దున కోడి కూసింది అన్నంత మామూలుగా ఒప్పుకుంది.

నాకు కోపం వచ్చింది. దారం సంగతి కాదమ్మా నేను చెప్పేది, నా చెయ్యి సంగతి అన్నాను. ఆ రోగం నా చేతి నుంచే పోయింది, నేను దాచిపెట్టాను, హైదరాబాద్ పోనివ్వనిది కూడా నేనే అన్నాను. నేను ఉరకడం సుజాత చూసింది, కావాలంటే రిపోర్టులు తెచ్చి చూపిస్తాను అన్నాను. ఏడుస్తూ అమ్మ చేతులు పట్టుకొని అడిగాను, ఇంకెవరి ముందూ ఆ మాట అనొద్దని.

అమ్మ తన చేతులు విడిపించుకొని, నా చేతులను అటూ ఇటూ తిప్పి చూసింది.

"నీ చెయ్యి గట్ల చెయ్యది బిడ్డా. నీకు నాయిన పోయిన రంది పట్టి గిట్ల మాట్లాడుతున్నవ్," అంది. కొంగుతో నా మొహం తుడిచి మళ్ళీ గిన్నెలు తీసుకుంది.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పి చూశాను. వినదు. మొన్న కోస్గి బస్సులో పక్కన కూర్చున్న ఎవరో ఆమెకు మళ్ళీ మొదలుపెట్టింది, బిడ్డ దగ్గర ఉంది కాబట్టే అని. ఇప్పుడు దానికి దారం సంగతి కూడా కలిపింది, నాయిన బిడ్డకు ఆనవాలు చూపిచ్చి పోయిండని. విన్న ఆ పక్కసీటామె కళ్ళు తుడుచుకుంది.

ఆ దారం ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో, కట్టింది నాయినే అయితే అది నేరం మోపడమో, ఇప్పుడైనా చెప్పమని బతిమిలాడటమో నాకు తెలియదు. ఏ లెక్కన చూసినా నాకు అంతు చిక్కలేదు, ఎవరైనా చెప్తే వింటాను. నా కళ్ళతో చూసి కూడా నేను నమ్మలేనిదాన్ని అమ్మ వినగానే నమ్మింది. నేను చేసి, నా నోటితో ఒప్పుకున్నదాన్ని మాత్రం ఆమె చేత ఎట్లా నమ్మించాలో నాకు తెలియడం లేదు.